వీరలక్ష్మి గారి పోర్ట్‌ఫోలియో

తనది ఇల్లు కాదనీ, పోర్ట్‌ఫోలియో అనీ కొప్పిశెట్టి వీరలక్ష్మి గారికి యాభై నాలుగో ఏట తెలిసింది. తెలియజెప్పినవారు బ్యాంకు మేనేజరు. అంతవరకూ ఆవిడ దాన్ని నాలుగు పోర్షన్ల డాబా అనుకుంటూ వచ్చారు. అందులో అద్దెకుంటున్న మేము కూడా అలాగే అనుకుంటూ నెలనెలా అద్దె ఇస్తున్నాం.

ఆ డాబా తాడేపల్లిగూడెంలో రైల్వే గేటు దాటాక రెండో సందులో ఉంటుంది. సందు మొదట్లో ఆవిడ కర్రీ పాయింట్. ఒక గదిలో మొదలైన సంసారం, గుత్తొంకాయ కూర మీద రెండో పోర్షనూ, రొయ్యల వేపుడు మీద మూడోదీ కట్టుకుంది. నాలుగోది మాత్రం ఆవిడ భర్త నూకరాజు గారు కరెంటు ఆఫీసులో లైన్‌మన్‌గా రిటైరైనప్పుడు వచ్చిన డబ్బుతో లేచింది. మొదటి పోర్షన్లో వాళ్లిద్దరూ ఉంటారు. రెండో దాంట్లో గవర్నమెంటు ఆస్పత్రి నర్సు సుగుణవతి గారు, మూడో దాంట్లో నేను, నాలుగో దాంట్లో ఎప్పుడూ తలుపేసుకుని ఉండే ఒక ఎరువుల కంపెనీ దంపతులు. నేను రిజిస్ట్రారు ఆఫీసు ఎదురుగా బల్ల వేసుకుని దస్తావేజులు రాస్తాను. అందరూ రైటరు గారంటారు.

డాబా మీద ఇంకో రెండు పోర్షన్లు వేద్దామని వీరలక్ష్మి గారు సుస్థిర గృహ వికాస బ్యాంకులో లోను పెట్టారు. అద్దెలు వచ్చే ఇల్లు కాబట్టి అద్దె ఆస్తుల పథకం కింద రాశారు. సొమ్ము రెండు విడతలు. మొదటి విడతతో స్తంభాలు లేపి పైన స్లాబు పోశారు. స్తంభాలు లేపడం కోసం పాత డాబా పిట్టగోడా, నీళ్లు పోయే తూములూ పగలగొట్టారు. గోడలూ, తలుపులూ, ఆ పగలగొట్టిన చోట్ల మరమ్మతూ రెండో విడతలో. అంటే ఇంటి నెత్తిన గోడల్లేని కప్పు ఒకటి నిలబడి ఉండగా, పాత మేనేజరు బదిలీ అయిపోయి ప్రద్యుమ్నకుమార్ గారు వచ్చారు.

ఆయనకి ముప్పై ఎనిమిదేళ్లుంటాయి. వచ్చీ రాగానే ఐదు రోజుల శిక్షణకి వెళ్లి, 'చిన్నతరహా అద్దె ఆస్తుల సమగ్ర నిర్వహణ: మార్గదర్శకాలు' అనే పుస్తకంతో తిరిగొచ్చారు. దాని ప్రకారం మొదట తనిఖీ చెయ్యవలసిన ఆస్తి వీరలక్ష్మి గారిదే అయింది, ఎందుకంటే ఆ పథకం కింద బ్రాంచిలో ఉన్న లోను అదొక్కటే.

ఫిబ్రవరిలో ఒక ఉదయం ఆయన వచ్చి, కొలతలు తీసుకుని, నాలుగు గుమ్మాలకీ నాలుగు స్టిక్కర్లు అంటించారు. యూనిట్ ఒకటి, రెండు, మూడు, నాలుగు. మాలో ప్రతివారి దగ్గరా అద్దె వివరాలు రాసుకుని, చివరికి యూనిట్ ఒకటి ముందు ఆగారు.

"ఈ యూనిట్‌లో అద్దెదారు ఎవరు మేడమ్?"

"మేమేనండి," అన్నారు వీరలక్ష్మి గారు.

"అద్దె ఎంత చెల్లిస్తున్నారు?"

"ఎవరికండి?"

మేనేజరు గారు ట్యాబ్‌లో ఏదో నొక్కి, అది ఒప్పుకోకపోతే మళ్లీ నొక్కారు. తర్వాత చాలా మర్యాదగా వివరించారు. ఆ యూనిట్ వినియోగంలో ఉంది గానీ దిగుబడి శూన్యం. అలాంటిదాన్ని నిరర్థక యూనిట్‌గా పరిగణించవలసి ఉంటుంది. పోర్ట్‌ఫోలియోలో, అంటే ఆస్తుల జాబితాలో, నిరర్థకత ఇరవై శాతం మించితే రెండో విడత విడుదలకు అవకాశం లేదు. నాలుగింట్లో ఒకటి కాబట్టి ఈవిడది ఇరవై ఐదు శాతం.

"ఇరవై రెండేళ్ల నుంచీ అందులోనే ఉంటన్నామండి," అన్నారావిడ.

"అందుకే మేడమ్, నష్టం అంత పెద్దదయింది," అన్నారాయన జాలిగా.

ఆ నష్టం ఎంతో ఆయన అక్కడికక్కడే లెక్క కట్టి చూపించారు. ఇరవై రెండేళ్ల అద్దె, దాని మీద వడ్డీ. ఆవిడ చెయ్యి తుడుచుకుంటూ అరుగు మీద కూర్చున్నారు. అంత డబ్బు తన చేతిలోంచి ఎప్పుడు పోయిందో ఆవిడకి గుర్తు రాలేదు. ఇందులో ఎవరు ఎవరికి బాకీ అని నూకరాజు గారు నన్ను పక్కకి పిలిచి అడిగారు. నాకూ తెలియలేదు.

దారి కూడా మేనేజరు గారే చూపించారు. యూనిట్ ఒకటికి అద్దెదారు ఉంటే సరిపోతుంది. ఆవిడే అద్దెదారు కావచ్చునా అని నన్ను సంప్రదించారు. తనకి తాను ఇల్లు అద్దెకిచ్చుకోవడం దస్తావేజుల్లో కుదరదనీ, ఇచ్చేవారూ పుచ్చుకునేవారూ వేరువేరు మనుషులై ఉండాలనీ చెప్పాను. భర్త వేరే మనిషే కదా అన్నారాయన. చట్టం దృష్టిలో వేరేనన్నాను. అలా నూకరాజు గారు తన ఇంట్లో అద్దెకి దిగారు.

అగ్రిమెంటు నమూనా బ్యాంకే ఇచ్చింది. నలభై ఒక్క షరతులు. నా బల్ల దగ్గర భార్యాభర్తలు ఎదురెదురుగా కూర్చుని పేజీ పేజీకీ సంతకాలు పెట్టారు. పెళ్లప్పుడు కూడా ఇన్ని సంతకాలు పెట్టలేదని వీరలక్ష్మి గారు అంటే, పెళ్లప్పుడు అసలు ఏమీ పెట్టలేదని నూకరాజు గారు గుర్తు చేశారు. మూడు నెలల అడ్వాన్సు కర్రీ పాయింట్ గల్లా పెట్టెలోంచి తీసి భార్య భర్తకిచ్చింది, భర్త భార్యకిచ్చాడు, నేను రసీదు రాశాను. పని సవ్యంగా ముగిసిందనే అందరం అనుకున్నాం.

షరతులు ఎవరూ పూర్తిగా చదవలేదు. నేను రాశాను గానీ, రాయడం వేరు, చదవడం వేరు.

పది రోజుల తర్వాత మేనేజరు గారు చెప్పకుండా తనిఖీకి వచ్చేసరికి వీరలక్ష్మి గారు వంటింట్లో పులుసుకి ఉల్లిపాయలు వేయిస్తున్నారు. ఆయన గుమ్మంలోనే ఆగి, ముందస్తు నోటీసు చూపించమన్నారు. ఆవిడకి అర్థం కాలేదు. పదిహేడో షరతు ప్రకారం, అద్దెదారు నివసిస్తున్న యూనిట్‌లోకి ఓనరు ఇరవై నాలుగు గంటల ముందు రాతపూర్వకంగా తెలియజేయకుండా ప్రవేశించరాదు. అద్దెదారు హక్కులకి భంగం కలిగితే ఆ యూనిట్ మళ్లీ నిరర్థకమే.

"నాకేం భంగం కలగలేదండి," అన్నారు నూకరాజు గారు.

"మీకు తెలియకుండా కలిగి ఉంటుంది," అన్నారు మేనేజరు గారు.

ఆ రోజు నుంచి నోటీసులు మొదలయ్యాయి. 'రేపు ఉదయం ఐదున్నర గంటలకు టీ పెట్టు నిమిత్తం తమ యూనిట్ వంటగదిలోనికి ప్రవేశించదలచాను.' 'ఎల్లుండి సాయంత్రం ఉతికిన బట్టలు బీరువాలో పెట్టు నిమిత్తం...' అన్నీ నేనే రాసేవాణ్ణి. నూకరాజు గారు వాటి మీద 'ముట్టినది' అని సంతకం పెట్టి ఒక ప్రతి తిరిగిచ్చేవారు. ఒకరోజు ఆయన మజ్జిగ అడిగితే, మజ్జిగకి నోటీసు ఇవ్వలేదని ఆవిడ గుమ్మం బయట నిలబడిపోవడం నేను నా కళ్లతో చూశాను. ఇద్దరూ నవ్వారు. అప్పటికింకా నవ్వుతున్నారు.

ఇంత కష్టం ఎందుకు, ఆవిణ్ణి అతిథి కింద రాసుకుంటే నోటీసులు అక్కర్లేదు కదా అని నేనొక ఉపాయం చెప్పాను. మేనేజరు గారు సంతోషించారు. కానీ ఇరవై రెండో షరతు ఉండనే ఉంది. ఏ అతిథీ నెలలో పదిహేను రోజులకి మించి ఉండరాదు. రోజు విడిచి రోజు ఉంటే సరిపోతుందన్నారాయన. బేసి తారీఖులైతే కొన్ని నెలల్లో పదహారు వస్తాయి కాబట్టి సరి తారీఖులు ఎంచుకోమని సలహా కూడా ఇచ్చారు. ఆ విధంగా వీరలక్ష్మి గారు సరి తారీఖుల్లో తన ఇంట్లోనూ, బేసి తారీఖుల్లో సుగుణవతి గారి పోర్షన్లోనూ ఉండడం మొదలుపెట్టారు.

బేసి తారీఖుల్లో నూకరాజు గారు ముందు సొంతంగా వండుకుని చూశారు. తర్వాత కర్రీ పాయింట్‌కి వెళ్లి అందరితో పాటు లైనులో నిలబడి కూర కొనుక్కోవడం మొదలుపెట్టారు. ఒక సాయంత్రం నా అరుగు మీద కూర్చుని, ముప్పై రెండేళ్ల కాపురంలో ఆవిడ మాట్లాడుతూనే ఉంటుందని విసుక్కునేవాణ్ణనీ, ఇప్పుడు రోజు విడిచి రోజు టీవీ సౌండు పెంచి పెట్టుకుంటున్నాననీ చెప్పారు. గోడ అవతల సుగుణవతి గారి పోర్షన్లోంచి ఆవిడ మాట వినిపిస్తే టీవీ తగ్గిస్తారట. ఆయన ఆ సంగతి ఫిర్యాదులా చెప్పలేదు. కరెంటు ఎప్పుడు పోతుందో చెప్పినట్టు చెప్పారు.

ఏప్రిల్లో బ్యాంకు పై ఆఫీసు నుంచి 'అద్దెదారు యోగ్యతా సూచిక' దిగింది. మా అందరికీ నూటికి మార్కులు వేశారు. సుగుణవతి గారికి డెబ్బై ఒకటి. ఎరువుల దంపతులకి అరవై ఆరు. నాకు అరవై రెండు. నా రాబడి ఇతరుల ఆస్తుల మీద ఆధారపడి ఉండడం వల్ల కొన్ని తగ్గాయట. నూకరాజు గారికి ముప్పై ఒకటి. వయసు అరవై మూడు, జీతం చీటీ లేదు. పైగా వ్యాఖ్యల గడిలో ఇలా ఉంది: 'యూనిట్‌కు నెలలో సుమారు పదిహేను రోజుల పాటు ఒక స్త్రీ రాకపోకలు సాగిస్తున్నట్టు తనిఖీలో వెల్లడైనది.'

అరవైకి తక్కువ వచ్చిన అద్దెదారుని ముప్పై రోజుల్లో మార్చాలి. లేకపోతే రెండో విడత సంగతి అటుంచి, మొదటి విడత కూడా వెనక్కి అడిగే అవకాశం ఉందని ఉత్తరంలో చివరి వాక్యం.

వీరలక్ష్మి గారు ఆ ఉత్తరం నా చేత రెండుసార్లు చదివించుకున్నారు. మొదటి విడత మొత్తం నెత్తి మీద స్లాబు రూపంలో ఉంది. దాన్ని వెనక్కి ఇవ్వాలంటే కర్రీ పాయింట్ అమ్మాలి. ఖాళీ చెయ్యమనే నోటీసు ఎలా ఉంటుందని ఆవిడ అడిగారు. రాసిచ్చాను.

ఆ రోజు బేసి తారీఖు కావడంతో ఆవిడ గుమ్మం బయటే నిలబడి కాగితం చేతికిచ్చారు.

"ఇదేంటే?" అన్నారు నూకరాజు గారు.

"ఖాళీ చెయ్యమని నోటీసండి."

"ఎవరిచ్చారు?"

"నేనే."

ఆయన కళ్లజోడు పెట్టుకుని చదివారు. "నేనేం తప్పు చేశాను?"

"మీకు ముప్పై ఒకటే వచ్చాయంట."

"పదో తరగతి లెక్కల్లోనే ముప్పై ఐదు వచ్చినియ్యి నాకు," అని కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు. సామాను ఎప్పుడు తియ్యాలని అడిగారు. ఆవిడ కొంగుతో మొహం తుడుచుకోవడం నేను చూడనట్టు తల తిప్పుకున్నాను.

ఎక్కడికి వెళ్లాలన్నది పెద్ద ప్రశ్న కాలేదు. డాబా మీద స్తంభాలూ స్లాబూ ఉన్నాయి. అక్కడ ఉండవచ్చునా అని నేను మేనేజరు గారిని అడిగాను. ఆయన పుస్తకం తిరగేసి, నాలుగు వైపులా గోడలున్నదే యూనిట్ అని నిర్వచించారనీ, గోడలు లేని ప్రదేశం మార్గదర్శకాల పరిధిలోకి రాదనీ, అక్కడ ఎవరు ఎన్ని రోజులున్నా బ్యాంకుకి అభ్యంతరం లేదనీ తేల్చారు. తన సొంత ఆస్తిలో వీరలక్ష్మి గారు స్వేచ్ఛగా మసలుకోదగిన చోటు అదొక్కటే అయింది.

మంచం, బీరువా, గ్యాసు పొయ్యి పైకి చేరాయి. పడమటి వైపు టార్పాలిన్ కట్టారు. వేసవి కాబట్టి గాలికి లోటు లేదు. పట్టాల మీద వచ్చే పోయే రైళ్లు కనిపించేవి. సుగుణవతి గారు డ్యూటీ దిగి అక్కడికే వచ్చి కూర్చునేవారు. ఎప్పుడూ తలుపేసుకుని ఉండే ఎరువుల దంపతులు కూడా ఒక సాయంత్రం కుర్చీలు పట్టుకుని పైకొచ్చారు. వాళ్లకి చక్కగా మాటలు వచ్చని మాకప్పుడు తెలిసింది. సరి తారీఖో బేసి తారీఖో ఎవరూ చూసుకోలేదు.

కింద యూనిట్ ఒకటి మాత్రం ఖాళీగా ఉంది. టూ లెట్ బోర్డు చూసి వచ్చినవాళ్ల వివరాలు మేనేజరు గారు ట్యాబ్‌లో ఎక్కించేవారు. కాలేజీ లెక్చరరు ఒకాయనకి యాభై రెండొచ్చాయి, మేడ మీద జనం ఎక్కువ అన్న కారణంతో. బంగారం పని చేసే ఆయనకి నలభై నాలుగు. కొత్తగా పెళ్లయిన జంటకి ముప్పై తొమ్మిది, కుటుంబం పెరిగే ప్రమాదం ఉందని. ముప్పై రోజుల్లో ఇరవై ఎనిమిది గడిచిపోయాయి. యంత్రంలో ఏమైనా లోపం ఉందేమోనని మేనేజరు గారు పరీక్ష కోసం తన వివరాలే పెట్టి చూసుకున్నారు.

తొంభై ఆరు.

ఆయన నాలుగు నెలల నుంచి స్టేషను దగ్గర లాడ్జిలో ఉంటున్నారు. భార్యా కూతురూ నంద్యాలలో ఉన్నారు. అత్యధిక సూచిక కలిగిన దరఖాస్తుదారుని తిరస్కరించరాదని పుస్తకంలో ఉంది. తను దరఖాస్తుదారు కాదని ఆయన అనుకున్నా, వివరాలు ఎక్కించిన మరుక్షణం యంత్రం ఆయనకి దరఖాస్తు నంబరు ఇచ్చేసింది. పై ఆఫీసుకి రాసి అడిగితే, సూచిక అరవై దాటిన పక్షంలో అద్దెదారు ఏ వృత్తిలో ఉన్నా అభ్యంతరం లేదని జవాబొచ్చింది.

జూన్ మొదటివారంలో ఆయన రెండు సూట్‌కేసులతో, ఒక రైస్ కుక్కర్‌తో యూనిట్ ఒకటిలో దిగారు. అగ్రిమెంటు నేనే రాశాను. నలభై ఒక్క షరతులకి తోడు ఆయన ఇంకొకటి చేర్పించారు. అద్దెదారు మూడేళ్ల లోపు ఖాళీ చేయరాదు, చేయదలిస్తే తనకి తగ్గని సూచిక గల వేరొకరిని చూపించాలి. అద్దెదారు స్థిరత్వానికి ఇది ఆదర్శంగా నిలుస్తుందని సంతకం పెడుతూ అన్నారు. ఇక రెండో విడత వస్తుందా అని వీరలక్ష్మి గారు అడిగారు. అద్దెదారు సంతృప్తి ఒక పూర్తి త్రైమాసికం పాటు నమోదు కావాలి మేడమ్ అన్నారు.

సంతృప్తి నమోదయ్యేలోగా వానలొచ్చాయి. జులైలో ఒక ఆదివారం తెల్లవారుజామున మొదలైన వాన మధ్యాహ్నానికి గానీ తగ్గలేదు. తూములు పగలగొట్టి ఉండడంతో పాత డాబా మీద నీళ్లు నిలిచి, స్తంభాల మొదళ్ల దగ్గర నుంచి సరిగ్గా యూనిట్ ఒకటిలోకి దిగాయి. మేనేజరు గారు తడిసిన దుప్పటితో మెట్లెక్కి వచ్చారు. పైన వీరలక్ష్మి గారు పొడిగా ఉన్న మూల కూర్చుని పెసరట్లు పోస్తున్నారు. ఆయన వాటివైపు చూడకుండా, ఏడు రోజుల్లో మరమ్మతు చేయించవలసిన బాధ్యత పద్దెనిమిదో షరతు ప్రకారం ఓనరుదని తెలియజేశారు.

రాతపూర్వక ఫిర్యాదు ఆయన తరఫున నేను రాశాను. జవాబు ఆవిడ తరఫున నేను రాశాను. మరమ్మతు రెండో విడతలో చేరి ఉన్నందున, దయచేసి బ్యాంకు వారిని కదిలించగలరు అని.

సోమవారం పదిన్నరకి అద్దెదారు ప్రద్యుమ్నకుమార్ గారి అర్జీ బ్యాంకులో ఇన్‌వార్డు నంబరు వేయించుకుని మేనేజరు ప్రద్యుమ్నకుమార్ గారి బల్ల మీదికి వెళ్లింది. ఆయన దాన్ని నియమానుసారం పరిశీలించారు. ఒక్క మాట కూడా అతిశయోక్తి లేదు. యూనిట్ ఒకటిలో నీళ్లు కారుతున్నాయి, అద్దెదారు అసంతృప్తిగా ఉన్నారు. అద్దెదారు అసంతృప్తిగా ఉన్న యూనిట్‌ని నిరర్థకంగా పరిగణించాలి. నిరర్థకత ఇరవై ఐదు శాతం. కావున రెండో విడత నిలుపుదల చేయడమైనది. కింద సంతకం, ముద్ర. అద్దెదారు ప్రతిని మడిచి జేబులో పెట్టుకుని సాయంత్రం ఇంటికి తెచ్చి, డాబా మీద మా అందరికీ చదివి వినిపించారు.

ఎవరి మీద కోప్పడాలండి మరి అని నూకరాజు గారు అడిగారు.

"అలా అడగడం వ్యవస్థను వ్యక్తిగతం చేయడం అవుతుంది," అన్నారు మేనేజరు గారు. కానీ ఆయన గొంతులో కొంచెం జలుబు ఉంది.

ఆయన అడ్డదారి తొక్కే మనిషి కాదు. ఎవరూ చూడకుండా ఒక సంతకం పెట్టుకుంటే అయిపోయే పని. ఆయనకి ఆ ఆలోచనే రాలేదు. మరుసటి వారం రిమైండర్ పెట్టుకున్నారు. దానికి జవాబు ఆలస్యమైందని తనని తానే సంజాయిషీ అడిగారు. సంజాయిషీ సంతృప్తికరంగా లేదని తిరస్కరించారు. ఖాళీ చేసి పోదామంటే తొంభై ఆరు మార్కుల మనిషి కావాలి. ఊళ్లోనే కాదు, జిల్లాలోనే అలాంటివారు లేరు. ఆ మధ్యలో నాలుగు వానలు పడ్డాయి. ఆగస్టు మొదట్లో ఆయన జ్వరంతో మంచం ఎక్కారు.

రెండు రోజులు తలుపు తెరుచుకోకపోవడంతో వీరలక్ష్మి గారు మిరియాల చారు కాచి, గిన్నెలో మెత్తటి అన్నం పెట్టుకుని కిందికి దిగారు. వెనక నేనున్నాను. ఆవిడ గుమ్మం దగ్గర ఆగిపోయారు. అది ఆవిడ ఇరవై రెండేళ్లు ఊడ్చి ముగ్గు పెట్టిన గుమ్మం.

"నోటీసు ఇవ్వలేదండి," అన్నారు లోపలికి వినిపించేలా. "గిన్నె ఇక్కడ పెట్టి వెళ్తాను. తీసుకోండి."

లోపల పళ్లెంలోకి బొట్టు బొట్టుగా నీళ్లు పడుతున్న చప్పుడు వినిపించింది.

"లోపలికి రండమ్మా," అన్నారాయన. అంతవరకూ ఆవిణ్ణి ఆయన మేడమ్ అనే పిలిచారు.

మంచం గది మధ్యకి జరిపి ఉంది. దాని చుట్టూ రెండు బకెట్లు, ఒక పళ్లెం, రైస్ కుక్కర్ గిన్నె. పుస్తకం, సర్టిఫికెట్లు ప్లాస్టిక్ సంచిలో కట్టి మేకుకి తగిలించి ఉన్నాయి. కూతురి ఫొటో దిండు కింద ఉంది. ఇల్లు కారుతోంది కాబట్టి వాళ్లని రమ్మనలేకపోతున్నానని ఆయన అడక్కుండానే చెప్పారు. ఆవిడ ఆయన్ని లేపి కూర్చోబెట్టి, చారన్నం కలిపి చేతికిచ్చి, నిండిన బకెట్లు రెండూ తీసుకెళ్లి పారబోసి వచ్చారు. ఆ సాయంత్రం నూకరాజు గారు మంచానికి పైగా టార్పాలిన్ కట్టారు. తన పడమటి వైపుది విప్పి తెచ్చారు.

నాలుగో రోజు మేనేజరు గారు ఆఫీసుకి వెళ్లి, సాయంత్రం చాలా తొందరగా తిరిగొచ్చి, మెట్లెక్కి డాబా మీద కూర్చున్నారు. ఏదో కనిపెట్టినవాడి మొహం. ఆయన గది బయటి బల్ల దగ్గర పందొమ్మిదేళ్లుగా పని చేస్తున్న గుమాస్తా ఒకావిడ, ఈ కొప్పిశెట్టి వారి లోను అద్దె ఆస్తుల పథకంలో ఎందుకుందని అడిగిందట. ఇంటి మరమ్మతులకీ, పై అంతస్తుకీ మామూలు గృహ ఋణం ఉందట. ఇంటి పన్ను రసీదు, ఇద్దరి హామీ సంతకాలు ఉంటే చాలు. వడ్డీ అర శాతం తక్కువ. దానికి పుస్తకం లేదు, సూచిక లేదు, యూనిట్లు లేవు. అందులోకి మార్చడానికి ఒక పేజీ దరఖాస్తు.

"మరి ఇన్నాళ్లూ ఎవరూ చెప్పలేదేంటండి?" అని వీరలక్ష్మి గారు అడిగారు.

"ఎవరూ అడగలేదటమ్మా," అన్నారాయన. పైగా దీన్ని ప్రత్యామ్నాయ ఋణ వాహిక అనవచ్చునన్నారు.

హామీ సంతకాలు సుగుణవతి గారూ, నేనూ పెట్టాం. వారం తిరక్కుండా డబ్బొచ్చింది. ముందు తూములు బాగుచేసి, తర్వాత గోడలు లేపారు. రెండు పోర్షన్లలో ఒకటి అద్దెకి. రెండో దాంట్లో తామే ఉంటామని ఆలుమగలిద్దరూ మేస్త్రీకి చెప్పారు. మేస్త్రీ తూర్పు వైపు గోడ పూర్తిగా లేపబోతే నూకరాజు గారు నడుం ఎత్తు దగ్గర ఆపించేశారు. రైళ్లు కనిపించాలన్నారు. సాయంత్రాలు అందరం ఇప్పటికీ అక్కడే చేరతాం.

పాత పథకంతో పాటు దాని అగ్రిమెంటు కూడా రద్దయిపోయింది. మేనేజరు గారు ఎప్పుడైనా వెళ్లిపోవచ్చు. ఆయన వెళ్లలేదు. దసరాకి భార్యనీ కూతుర్నీ తీసుకొస్తున్నాననీ, ఆ పోర్షన్లోనే ఉంటాననీ వచ్చి చెప్పారు. వీరలక్ష్మి గారు సరేనన్నారు. ఆయన అక్కడే నిలబడ్డారు.

"అగ్రిమెంటు ఎప్పుడు రాయిద్దాం మేడమ్?"

"ఎందుకండి?"

"మరి నేను వెళ్లిపోవలసి వస్తే?"

"చెప్పి వెళ్లండి."

"మీరు పొమ్మనవలసి వస్తే?"

"చెప్పే పొమ్మంటాను."

ఆయన ఆ సమాధానాన్ని తలలో అటూ ఇటూ తిప్పి చూసుకుంటూ కిందికి దిగారు. మర్నాడు పొద్దున్నే నా బల్ల దగ్గరికి వచ్చి, నలభై ఒక్క షరతులు అక్కర్లేదు, మనశ్శాంతి కోసం కనీసం ఒక్క పేజీ రాసిపెట్టమని బతిమాలారు. కావాలంటే రెట్టింపు ఫీజు ఇస్తానన్నారు. నాకు మాత్రం చేదా. పెన్ను తీశాను.

సరిగ్గా అప్పుడే వీరలక్ష్మి గారు కర్రీ పాయింట్‌కి వెళ్తూ చేతిలో క్యారేజీతో మా దగ్గర ఆగారు. సంగతి కనిపెట్టారు.

"రైటరు గారూ, రాయకండి," అన్నారు.

"రాయకపోతే నా ఫీజు?" అన్నాను.

ఆవిడ క్యారేజీలోంచి ఒక గిన్నె తీసి స్టాంపు కాగితాల మీద పెట్టారు. గోంగూర రొయ్యలు. మూత తియ్యగానే పక్క బల్లల వాళ్లందరూ ఇటు తిరిగారు.

ఇరవై ఆరేళ్లుగా దస్తావేజులు రాసి బతుకుతున్నాను. రాయనందుకు ఫీజు ముట్టడం అదే మొదలు. నేను పెన్ను మూత పెట్టేశాను. మేనేజరు గారు కొంతసేపు ఆ తెల్లకాగితం వైపూ, ఆ గిన్నె వైపూ మార్చి మార్చి చూసి, చివరికి బల్ల ముందు కుర్చీ లాక్కుని, ఇంకో స్పూను ఉందా అని అడిగారు.